బండికి బీమా ఉంది, నడిపేవాడి మాటేమిటి?

2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు దేశమంతటా అమల్లోకి వచ్చాయి. వాటిలో ఒకటైన సామాజిక భద్రతా స్మృతి, యాప్‌ల మీద బతికే క్యాబ్, ఆటో, బైక్ డ్రైవర్లను, డెలివరీ కుర్రాళ్లను కేంద్ర చట్టంలో మొదటిసారి ప్రత్యేకంగా గుర్తించింది. అంతకు మూడు నెలల ముందు, ఆగస్టులో, కర్ణాటక శాసనసభ గిగ్ కార్మికుల సంక్షేమ చట్టాన్ని ఆమోదించింది. తమిళనాడు 2023 డిసెంబరులోనే వీరికోసం సంక్షేమ బోర్డు పెట్టింది. ఈ వార్తలు చదివిన చాలామంది తల్లిదండ్రులు "ఇక మా వాడికి ఫరవాలేదు కదండీ" అని మా సంఘంలో అడుగుతున్నారు.

ఫరవాలేదు అని చెప్పే ధైర్యం నాకు లేదు. చట్టం రావడం వేరు, ప్రమాదం జరిగిన రోజున ఇంటికి డబ్బు రావడం వేరు. ఆ రెండింటి మధ్య ఎన్ని ఖాళీలు ఉన్నాయో లెక్కపెట్టి చూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేను న్యాయవాదిని కాను, బీమా ఏజెంటునూ కాను. ఉద్యోగం పొడవునా ఫైళ్లు చదివిన గుమస్తాను. ఏ కాగితం ఎవరికోసం రాశారో చూడటం ఒక్కటే నాకు వచ్చిన విద్య.

హోసూరు, బెంగళూరు, చెన్నై, బరంపురం, షోలాపూర్, యానాం... మన ఇళ్లలో ఒకప్పుడు మగ్గం మీదో, మిల్లులోనో, పొలంలోనో పనిచేసినవారి మనవళ్లు ఇప్పుడు ఫోన్ ముందు పెట్టుకుని బండి నడుపుతున్నారు. అందుకే ఇది మన ఇంటి విషయం.

కాగితాలు నాలుగు, డ్రైవరుకు వచ్చేది ఎంత?

డ్రైవరును "బీమా ఉందా?" అని అడిగితే "ఉంది సార్" అంటాడు. అబద్ధం కాదు. కానీ బీమా అన్న ఒక్క మాట కింద నాలుగు వేర్వేరు కాగితాలు ఉంటాయి.

మొదటిది థర్డ్ పార్టీ బీమా. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం ఇది లేకుండా బండి రోడ్డెక్కకూడదు. ఇది ఎదుటివారి కోసం. మన బండి తగిలి పాదచారి చనిపోతే వాళ్ల కుటుంబానికి, టాక్సీ అయితే వెనక సీట్లో ఉన్న ప్యాసింజరుకు, ట్రిబ్యునల్ నిర్ణయించిన పరిహారం ఇందులోంచి వస్తుంది. స్టీరింగ్ పట్టుకున్న యజమానికి మాత్రం ఇందులో వాటా లేదు. పేరులోనే ఉంది, మూడో మనిషికి అని.

రెండోది ఓన్ డ్యామేజ్. ఇది బండి రిపేరుకు. రేకు వంగితే డబ్బు ఇస్తుంది, ఎముక విరిగితే ఇవ్వదు.

మూడోది ఓనర్–డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవరు. 2018 సెప్టెంబరులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీన్ని 15 లక్షల రూపాయలకు పెంచింది. అప్పుడు నిర్ణయించిన ప్రీమియం ఏడాదికి 750 రూపాయలు. డ్రైవరు ప్రాణానికి నేరుగా విలువ కట్టే కాగితం ఈ నాలుగింటిలో ఇదొక్కటే అనుకోవచ్చు. అయితే ఇది మరణానికి, కాలూ చెయ్యీ కంటిచూపూ పోవడానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. కాలు విరిగి మూడు నెలలు మంచంలో ఉంటే ఇందులో రూపాయి కూడా రాదు.

నాలుగోది యాప్ కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా. డ్రైవర్లు ఎక్కువగా నమ్ముకునేది దీన్నే. దీని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

యాప్ ఆన్‌లో ఉంది, ట్రిప్ లేదు

యాప్ డ్రైవరు రోజును నాలుగు ముక్కలు చేయవచ్చు. యాప్ ఆపేసి సొంత పని మీద తిరిగే సమయం. యాప్ ఆన్ చేసి బుకింగ్ కోసం ఎదురుచూసే సమయం. బుకింగ్ ఒప్పుకుని ప్యాసింజరు దగ్గరికి వెళ్లే సమయం. ప్యాసింజరును ఎక్కించుకుని దించే సమయం.

ఇలాంటి గ్రూపు పాలసీల్లో సాధారణంగా కవరయ్యేవి చివరి రెండు ముక్కలే. అంటే బుకింగ్ ఒప్పుకున్నప్పటి నుంచి ట్రిప్ ముగించే వరకు. కానీ డ్రైవరు పని అంతటితో అయిపోతుందా? తెల్లవారుజామున విమానాశ్రయంలో ప్యాసింజరును దించి, ఖాళీ బండితో తిరిగి వచ్చేది కూడా పనే. ఎక్కువ రేటు వచ్చే చోటు చూపిస్తూ యాప్ మ్యాపు పిలిస్తే అటు పరిగెత్తేది కూడా పనే. నిద్రలేని కళ్లతో ప్రమాదం జరిగేది ఎక్కువగా ఆ ఖాళీ దారిలోనేనని డ్రైవర్లే చెబుతారు. మీటరు తిరగని ఆ వేళకు బీమా కూడా తిరగదు.

మా సంఘానికి ఒక కుటుంబం కాగితాల సంచితో వచ్చింది. కుర్రాడు ట్రిప్ ముగించి ఇంటికి వస్తూ డివైడరును గుద్దాడు. కాలికి రాడ్ వేశారు. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ సమయంలో ట్రిప్ నడుస్తున్నట్టు రికార్డులో లేదన్నారు. ట్రిప్ ముగిసి పది నిమిషాలే అయింది. పర్సనల్ యాక్సిడెంట్ కవరు చూద్దామంటే బండి తల్లి పేరు మీద ఉంది. పైగా విరిగిన కాలు ఆ కవరు కిందికి రాదు. ఆసుపత్రి బిల్లు తల్లి గాజులు తాకట్టు పెట్టి కట్టారు. ఆ ఇంట్లో బీమా కాగితాలు మూడు ఉన్నాయి. మూడూ చెల్లుబాటులోనే ఉన్నాయి. ఎవరూ మోసం చేయలేదు. ప్రతి కాగితమూ తన షరతు తాను పాటించింది.

ఆర్సీలో అమ్మ పేరు

మన ఇళ్లలో బండి ఎవరి పేరు మీద కొంటాం? లోను ఎవరికి వస్తే వాళ్ల పేరు మీద. తండ్రికి పెన్షన్ ఉంటే తండ్రి, తల్లికి స్థలం ఉంటే తల్లి, కొడుకు సిబిల్ స్కోరు బాగా లేకపోతే బావమరిది. ఇది తప్పు కాదు. కానీ ఓనర్–డ్రైవర్ కవరు అంటే ఆర్సీలో పేరు ఉండాలి, ఆ మనిషికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలి, బండి నడిపేది ఆ మనిషే అయి ఉండాలి. తల్లి పేరు మీద బండి, కొడుకు చేతిలో స్టీరింగ్ ఉంటే ఆ 15 లక్షలు ఎవరికీ వర్తించవు.

"మరి కోర్టుకు వెళితే?" అంటారు. సుప్రీంకోర్టు 2009లో నింగమ్మ కేసులోనూ, 2020లో రాంఖిలాడి కేసులోనూ చెప్పిన సూత్రం ఇది: ఇతరుల బండి అడిగి తీసుకుని నడిపేవాడు యజమాని స్థానంలోకి వస్తాడు, అతన్ని మూడో మనిషిగా లెక్కించరు. 2025 జులైలో కర్ణాటక నుంచి వెళ్లిన మరో కేసులో, డ్రైవరు తన నిర్లక్ష్యం వల్లే చనిపోయినప్పుడు అతని కుటుంబం బీమా కంపెనీ నుంచి పరిహారం అడగలేదని హైకోర్టు ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. తప్పు ఎదుటి బండిది అయితే ఆ బండి బీమా మీద క్లెయిము వేయవచ్చు. తప్పు మనవాడిదే అయితే, లేదా ఒంటరిగా చెట్టుకు గుద్దుకుంటే, దారి దాదాపు మూసుకుపోయినట్టే.

జీతానికి డ్రైవరును పెట్టుకున్నవారి సంగతి కొంచెం వేరు. అక్కడ యజమాని–కార్మికుడు సంబంధం ఉంది కాబట్టి పనిలో జరిగిన ప్రమాదానికి యజమాని పరిహారం ఇవ్వాలి. ఆ భారాన్ని బీమా కంపెనీ మీద పెట్టడానికి పాలసీలో పెయిడ్ డ్రైవరు కింద కొద్దిపాటి అదనపు ప్రీమియం కడితే చాలు. బండ్లు అద్దెకు తిప్పే మనవాళ్లు ఈ గీత పాలసీలో ఉందో లేదో చూసుకోవాలి. అది లేకపోతే భారం వాళ్ల సొంత ఆస్తి మీద పడుతుంది.

వైట్ బోర్డు ఆదా, ఎల్లో బోర్డు ఖర్చు

2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ రేట్లు చూడండి. 1000 నుంచి 1500 సీసీ మధ్య సొంత కారుకు ఏడాదికి 3,416 రూపాయలు. అదే సైజు కారు టాక్సీ అయితే 7,940 రూపాయలు, దాని పైన ప్యాసింజరుకు 978 చొప్పున. నలుగురు ప్యాసింజర్ల బండికి మొత్తం 11,852. మూడు రెట్లు దాటింది. ఇది కాక పర్మిట్, ఎఫ్‌సీ, పన్ను. అందుకే కొందరు వైట్ బోర్డు బండినే తెలిసినవారి ద్వారా కిరాయికి తిప్పుతారు. 150 సీసీ లోపు బైకుకు థర్డ్ పార్టీ ప్రీమియం 714 రూపాయలే కనుక, బైక్ టాక్సీలో చేరే కుర్రాడు బీమా గురించి ఆలోచించనే ఆలోచించడు.

కానీ ఆ పాలసీలో "వాడకం మీద పరిమితులు" అని ఒక పేరా ఉంటుంది. కిరాయికి వాడితే కవరు లేదు అన్నది దాని సారాంశం. ప్రమాదం జరిగితే బండి రిపేరు క్లెయిము పోతుంది. దెబ్బతిన్న ఎదుటివారికి కోర్టు చాలాసార్లు బీమా కంపెనీ చేతనే ముందు కట్టిస్తుంది, తర్వాత ఆ సొమ్మును బండి యజమాని నుంచి వసూలు చేసుకోమంటుంది. పర్మిట్ లేని బండి విషయంలో 2018లో అమృత్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఏడాదికి ఎనిమిది వేలు ఆదా చేసినవాడి ఇంటికి లక్షల రికవరీ నోటీసు వస్తే ఆ ఆదా ఏపాటిది?

బైక్ టాక్సీల మీద రాష్ట్రానికో తీరు. కర్ణాటకలో హైకోర్టు 2025 ఏప్రిల్ తీర్పు తర్వాత జూన్ నడుమ నుంచి అవి ఆగిపోయాయి, ఆ వివాదం మళ్లీ కోర్టుకెక్కింది. మహారాష్ట్ర 2025లో ఎలక్ట్రిక్ బైకులకు మాత్రమే నియమాలు తెచ్చింది. అనుమతి ఉందా లేదా అన్న వాదన ఎలా ముగిసినా, సొంత వాడకం పాలసీతో కిరాయి నడిపితే బీమా ప్రశ్న మాత్రం అలాగే ఉంటుంది.

మా హోసూరు వంటి సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు. ఇల్లు తమిళనాడులో, సంపాదన బెంగళూరులో. టీఎన్ నంబరు బండి అత్తిబెలె దాటి కర్ణాటకలో కిరాయి నడపాలంటే అక్కడ చెల్లే పర్మిట్ ఉండాలి. లేకపోతే జరిమానా ఒక్కటే కాదు, బీమా కంపెనీకి ఒక సాకు దొరికినట్టే.

ఒక్క ఊరట మాత్రం ఉంది. కారు నడిపే ఎల్ఎంవీ లైసెన్సుతోనే, బరువు 7,500 కిలోలు మించని రవాణా వాహనాన్ని కూడా నడపవచ్చని 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. లైసెన్సు మీద ప్రత్యేక ముద్ర లేదన్న ఒక్క కారణంతో మీ క్లెయిము తిప్పి పంపితే ఆ తీర్పును చూపించండి.

కొత్త చట్టాలు ఏం ఇస్తాయి?

సామాజిక భద్రతా స్మృతి ప్రకారం యాప్ కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం నిధికి కట్టాలి. అది కార్మికులకు చెల్లించే మొత్తంలో 5 శాతం మించకూడదు. కర్ణాటక చట్టం దారి వేరు. ప్రతి లావాదేవీలో కార్మికుడికి ఇచ్చే సొమ్ము మీద 1 నుంచి 5 శాతం సంక్షేమ రుసుము. డ్రైవరుకు 200 రూపాయలు వచ్చే ట్రిప్ మీద 2 నుంచి 10 రూపాయలు అన్నమాట. ఆ డబ్బు డ్రైవరు జేబులోంచి కాదు, కంపెనీ నుంచి రావాలి.

ఇవి మంచి చట్టాలే. కానీ రెండూ నిధిని పుట్టిస్తాయి, పాలసీని కాదు. ఏ ప్రమాదానికి ఎంత, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, కాలు విరిగి ఇంట్లో కూర్చున్న రోజులకు ఏమిస్తారు అన్నది ఆ తర్వాత రాసే పథకాల్లో తేలుతుంది. ఇంకో సంగతి. గిగ్ కార్మికుడు సంప్రదాయ యజమాని–ఉద్యోగి సంబంధానికి బయట ఉన్నవాడని స్మృతి నిర్వచనమే చెబుతోంది. ఈఎస్ఐ ఉద్యోగికి దొరికే జబ్బు సెలవు జీతం లాంటిది అతనికి హక్కుగా రాదు.

రవాణా శాఖ వైపు నుంచి ఇంకో కాగితం ఉంది. కేంద్రం 2025 జులై 1న ఇచ్చిన అగ్రిగేటర్ మార్గదర్శకాల ప్రకారం కంపెనీ ప్రతి డ్రైవరుకూ కనీసం 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా చేయించాలి. వినడానికి బాగుంది. కానీ ఈ రెండు అంకెలూ 2020 మార్గదర్శకాల్లోనూ ఉన్నాయి. మార్గదర్శకాలను రాష్ట్రాలు తమ నియమాలుగా మార్చుకుని, లైసెన్సు ఇచ్చేటప్పుడు గట్టిగా అడిగితేనే అవి పనిచేస్తాయి. అయిదేళ్ల తర్వాత అదే వాక్యం మళ్లీ రాయాల్సి వచ్చిందంటే మధ్యలో ఏమి జరిగిందో వేరే చెప్పాలా? పూర్తిగా అమలైనా ఆసుపత్రి ఖర్చు, మరణం మాత్రమే కవరవుతాయి. వైకల్యం, ఆదాయ నష్టం అన్న రెండు పెద్ద గుంతలు అలాగే మిగులుతాయి. ఈఎంఐ మాత్రం ప్రతి నెలా అయిదో తేదీకి ఠంచనుగా వస్తుంది.

ఇంట్లో ఈ వారమే చేయవలసినవి

చేతులు కాలాక ఆకులు పట్టుకునే కంటే, ఒక ఆదివారం కూర్చుని కాగితాలు తీయండి.

ఆర్సీలో పేరు, పాలసీలో పేరు, నడిపేవాడి పేరు ఒకటేనా చూడండి. ఒకటి కాకపోతే నడిపేవాడి పేరు మీద విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. అందులో తాత్కాలిక వైకల్యానికి వారం వారం డబ్బు ఇచ్చే షరతు ఉందా, కిరాయి డ్రైవరు వృత్తిని దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాశారా అన్నవి రెండూ ముఖ్యం. వృత్తి దాచి ప్రీమియం తగ్గించుకుంటే క్లెయిము రోజున అదే మెడకు చుట్టుకుంటుంది.

బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా ఉందా అడగండి. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాద మరణానికి, పూర్తి వైకల్యానికి 2 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి లక్ష. 18 నుంచి 70 ఏళ్ల వారికి. ట్రిప్ ఉందా లేదా అని ఇది అడగదు. బీమా సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది కనుక మే నెలాఖరులో ఖాతాలో డబ్బు ఉండాలి. 50 ఏళ్ల లోపువారు 436 రూపాయలతో జీవన జ్యోతి కూడా తీసుకోవచ్చు, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమాల మీద జీఎస్టీ లేదు కనుక, వాయిదా వేసుకున్నవారు మళ్లీ రేట్లు అడగవచ్చు.

ప్రమాదం జరిగితే 112కు ఫోన్ చేయండి. 2025 మేలో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో మొదటి ఏడు రోజులకు లక్షన్నర వరకు చికిత్స ఉంది. గుద్దిన బండి దొరకకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇచ్చే హిట్ అండ్ రన్ పరిహారం వేరే ఉంది. ట్రిబ్యునల్‌లో క్లెయిముకు చట్టంలో ఆరు నెలల గడువు రాశారు. దాని మీద కోర్టుల్లో సవాళ్లు వచ్చాయి గానీ, ఆ ఆశతో ఆలస్యం చేయవద్దు. అన్నిటికంటే ముందు, ఆ సమయంలో యాప్ ఏ స్థితిలో ఉందో స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకు పంపించుకోండి. తర్వాత అది దొరక్కపోవచ్చు.

బీమా కంపెనీ క్లెయిము తిరస్కరిస్తే, ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెల దాటినా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కర్ణాటక వారికి బెంగళూరు, తమిళనాడు వారికి చెన్నై, ఒడిశా వారికి భువనేశ్వర్, మహారాష్ట్ర వారికి ముంబయి, పుణె కార్యాలయాలు. యానాం వారు పుదుచ్చేరితో పాటు చెన్నైకి వెళ్లాలేమో అనుకుంటారు. అక్కర్లేదు, యానాం హైదరాబాదు కార్యాలయం పరిధిలో ఉంది.

సంఘాలుగా అడగవలసినవి

ఇంటింటి జాగ్రత్తతో తీరేది సగమే. మిగతా సగం అడిగి సాధించుకోవాలి. నా దృష్టిలో మూడు కోరికలు న్యాయమైనవి.

ఒకటి, నిధి నుంచి వచ్చే ప్రమాద బీమా ట్రిప్‌కు కాక లాగిన్‌కు ముడిపడాలి. యాప్ ఆన్ చేసినప్పటి నుంచి ఆఫ్ చేసి ఇల్లు చేరే వరకు. రెండు, మంచం పట్టిన రోజులకు రోజుకింత అని ఇవ్వాలి, అది పెద్ద మొత్తం కాకపోయినా ఈఎంఐ నిలబెట్టేంత ఉండాలి. మూడు, ఒక రాష్ట్రంలో ఉండి మరో రాష్ట్రంలో బండి నడిపేవాడు రెండు బోర్డుల మధ్య జారిపోకుండా, పని చేసిన చోట నమోదైతే ఇల్లు ఉన్న చోట కూడా క్లెయిము వేసుకునే వీలుండాలి.

దీనికి భాష కూడా అడ్డు కాకూడదు. పాలసీ ఇంగ్లిషులో, బోర్డు ఫారం కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో ఉంటుంది. మన పిల్లలు ఆ భాషలు మాట్లాడతారు, చాలామంది చదువుతారు కూడా. కానీ షరతుల పేరా చదివి అర్థం చేసుకోవడం వేరు. ఉగాదికి వేదిక కట్టే మన సంఘాలు ఏడాదికి రెండుసార్లు బీమా కాగితాలు చదివే శిబిరం పెట్టలేవా? ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన నాలాంటి వాళ్లు ప్రతి ఊళ్లో పదిమంది ఉన్నారు. కళ్లజోడు ఉంది, తీరిక ఉంది, ఫారం నింపిన అనుభవం ఉంది. మా సంఘం మొదటి శిబిరం వచ్చే నెల రెండో ఆదివారం పెడుతోంది. ఆర్సీ, పాలసీ, లైసెన్సు, బ్యాంకు పాసుబుక్కు నకళ్లు తెచ్చుకుంటే చాలు. మీ ఊళ్లో పెట్టదలిస్తే, ఏ కాగితంలో ఏ పేరా చూడాలో మేము రాసిన పట్టీ పంపిస్తాం.